గ్రీకు పురాణాల పెయింటింగ్స్ లో ఎక్కడ చూసినా వేట ఎందుకు ఉంటుంది? డయానా పక్కన జింక ఏం చేస్తోంది?

ముందు మీరు అడిగింది ఒకసారి క్లుప్తంగా చెప్పేస్తా, మిగతావాళ్ళకి కూడా తెలుస్తుంది. గ్రీకు పురాణాల మీద యూరప్ లో వేసిన బొమ్మలు చూస్తుంటే వేట, కుక్కలు, దుప్పులు, అడవిపందులు, బాణాలు తప్ప ఇంకోటి కనపడట్లేదు, దీనికి లోపల ఏమైనా అర్థం ఉందా లేక డబ్బులిచ్చి వేయించుకున్న రాజులకి వేట సరదా కాబట్టి వేయించుకున్నారా అన్నారు. ఇంకోటి, డయానా వేట దేవత కదా, జింకల్ని చంపే ఆవిడ పక్కనే జింక ఎందుకు నిలబడుతుంది అన్నారు. మీరు డయానా మీద ఒక ఇలస్ట్రేషన్ వేస్తున్నారు, జింకని పెట్టాలో తీసెయ్యాలో తేలట్లేదు. ఇంతే కదా.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఫైన్ ఆర్ట్స్ పిల్లలకి యూరప్ చిత్రకళ చరిత్ర చెప్తున్నాను. ప్రతి బ్యాచ్ లోనూ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా.

సూటిగా చెప్పాలంటే: అర్థం ఉంది, రాజుల సరదా కూడా ఉంది, రెండూ కలిసిపోయే ఉంటాయి. కానీ ఆ అర్థం జింకలో కొంత, కుక్కలో కొంత, బాణంలో కొంత అని విడివిడిగా దాచిపెట్టి ఉండదు. ఎవరు ఎవరి వెంటపడుతున్నారు, అది ఏ క్షణంలో తిరగబడింది అన్నదాంట్లో ఉంటుంది. గ్రీకు కథల్లో వేటకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఇంటికి రావడం చాలా అరుదు, వేటాడేవాడే వేట అయిపోతాడు. మన భాషలో ఇది భలే కుదిరింది చూడండి, వేట అంటే వేటాడటమూ వేటే, జాతరలో కోసే పోతూ వేటే. గ్రీకు కథల మీద బొమ్మలు వేసినవాళ్ళందరూ సుమారుగా ఈ రెండు అర్థాల మధ్యలోనే తిరిగారు.

ఇంకో మాట కూడా మనకి బాగా పనికొస్తుంది, "వెంటపడటం". కుక్క కుందేలు వెంటపడుతుంది, అబ్బాయి అమ్మాయి వెంటపడతాడు, మనకి రెంటికీ ఒకటే మాట. గ్రీకులకీ అంతే, తరమడానికి వాళ్ళు వాడే "డియోకీన్" అన్న క్రియనే ప్రేమలో వెంటపడటానికీ వాడారు. ఏథెన్స్ కుండల మీద ప్రేమించినవాళ్ళకి కుందేలుని కానుకగా ఇచ్చే బొమ్మలు బోలెడు ఉన్నాయి. వేటలో పట్టింది తెచ్చి ఇవ్వడం అంటే నేను నీ వేటలో ఉన్నాను అని చెప్పడమే అన్నమాట. అందుకని గ్రీకు కథ మీద వేసిన వేట బొమ్మ చూసినప్పుడు ఇది చావు గురించా, ప్రేమ గురించా అని రెండు ప్రశ్నలూ పక్కపక్కనే పెట్టుకోండి, చాలాసార్లు రెండూ నిజమే అవుతాయి.

ఇప్పుడు ఒక బొమ్మ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే ఇది ఒక్కటి అర్థమైతే మిగతావి వాటంతటవే విడిపోతాయి. వెనిస్ చిత్రకారుడు టిషియన్ వేసిన డయానా, ఆక్టియాన్ ల పెయింటింగ్. 1556 నుంచి 1559 మధ్య స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం వేశాడు. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీ, స్కాట్లండ్ నేషనల్ గ్యాలరీస్ కలిసి సొంతదారులు, 2009లో 5 కోట్ల పౌండ్లు పెట్టి కొన్నారు. దాదాపు రెండు మీటర్ల వెడల్పు ఉంటుంది.

కథ ఓవిడ్ అనే రోమన్ కవి రాసింది, సుమారు క్రీ.శ. 8 నాటిది. ఆక్టియాన్ పొద్దున్నించీ వేటాడి, కొండంతా జంతువుల నెత్తురుతో తడిసింది ఇవాళ్టికి చాలు అని తోటివాళ్ళకి చెప్పి మిట్టమధ్యాహ్నం అడవిలో ఊరికే తిరుగుతూ దారి తప్పి, డయానా స్నానం చేస్తున్న గుహలోకి వచ్చేస్తాడు. డయానాకి బాణాలు చేతికి అందే దూరంలో లేవు, అందుకని చేతికి దొరికిన నీళ్ళే అతని మొహాన కొడుతుంది, నన్ను బట్టల్లేకుండా చూశానని ఇప్పుడు వెళ్ళి చెప్పుకో, చెప్పగలిగితే, అంటుంది. అంతే, తల మీద కొమ్ములు, మెడ సాగుతుంది, చెవులు మొనదేలతాయి, దుప్పి అయిపోతాడు. పరుగెత్తి పరుగెత్తి నీళ్ళలో తన మొహం చూసుకుని అయ్యో అనబోతే నోట మాట రాదు. లోపల మనసు మాత్రం మనిషిదే. ఇక తన కుక్కలే తరుముకుంటాయి. ఓవిడ్ ఇక్కడ ముప్పైకి పైగా కుక్కల పేర్లు వరసగా చెప్తాడు, మెలాంపస్ అంటే నల్లకాళ్ళోడు, ఇక్నోబాటీస్ అంటే జాడ పట్టేవాడు, ఇలా. చదివేవాళ్ళకి మొదట విసుగొస్తుంది, తర్వాత గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే ఆ పేర్లన్నీ పెట్టి పిలిచి, తిండి పెట్టి పెంచినవాడు ఇతనే, ఇప్పుడు ఒక్క పేరు కూడా నోటితో పిలవలేడు. నేను ఆక్టియాన్ ని, మీ యజమానిని గుర్తుపట్టండి అని అరవాలనుకుంటాడు, గొంతు పెగలదు. తోటి వేటగాళ్ళేమో ఆక్టియాన్ ఎక్కడున్నాడు, ఇంత మంచి వేట చూడకుండా పోతున్నాడే అని కేకలేస్తూ కుక్కల్ని ఇంకా ఉసిగొల్పుతుంటారు. వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాడు.

ఇప్పుడు టిషియన్ ఏం చేశాడో చూడండి. ఆయన ఈ చావు ఈ పెయింటింగ్ లో వెయ్యలేదు. ఆక్టియాన్ ఎడమవైపు నుంచి తెర పక్కకి జరిగిన క్షణాన్ని వేశాడు, చెయ్యి పైకెత్తి బిత్తరపోయి ఉన్నాడు, ఒంటి మీద ఒక్క గీత పడలేదు. కుడివైపు డయానా తెల్లబట్ట అడ్డం పెట్టుకుని చేతి కింద నుంచి ఓరగా చూస్తోంది, ఆ చూపు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ మధ్యలో రాతి స్తంభం మీద చూడండి, దుప్పి పుర్రె ఉంది. పైన చెట్లకి జంతు చర్మాలు వేలాడుతున్నాయి. కింద డయానా బుజ్జికుక్క ఆక్టియాన్ వేటకుక్క మీద మొరుగుతోంది. అంటే అతనికి ఇంకా తెలీదు గానీ అతని గతి మొత్తం గోడకి తగిలించేసి ఉంది.

నేను క్లాసులో ఈ బొమ్మకి ఒక పని చేయిస్తా. ఏ త్రీ సైజు కలర్ ప్రింట్ తీసి, మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, ఎర్ర స్కెచ్ పెన్నుతో ఎవరు ఎటు చూస్తున్నారో బాణం గుర్తులు గీయమంటా. మనుషులవే కాదు, కుక్కలవి కూడా. కథ చెప్పను, ముందే చెబితే కథనే గీస్తారు. ఒక ఏడాది ఒకమ్మాయి అన్ని బాణాలూ గీసి లేచి, సార్ చూపులు ఇటు అటు పోతున్నాయి గానీ ఈ పుర్రె ఒక్కటి కళ్ళు లేకుండానే మొత్తం చూస్తున్నట్టుంది అంది. ట్రేసింగ్ పేపర్ మీద తను పుర్రె చుట్టూ సున్నా చుట్టి వదిలేసింది, బాణం ఎటు గీయాలో తెలీక. ఆ పేపర్ ఇప్పటికీ నా దగ్గర ఫైల్లో ఉంది, కొత్త బ్యాచ్ కి చూపిస్తుంటా. ఆ అమ్మాయికి అప్పటికి ఆక్టియాన్ ఎవరో కూడా తెలీదు, కానీ వేట తిరగబడుతోందని బొమ్మే చెప్పింది.

దీనికి జోడీ బొమ్మ ఇంకోటి ఉంది, ఆక్టియాన్ చావు. టిషియన్ 1559లోనే మొదలుపెట్టానని రాజుకి ఉత్తరం రాశాడు గానీ పంపలేదు, ఏళ్ళ తరబడి దాని మీద పని చేస్తూనే ఉన్నాడు, 1576లో ఆయన చనిపోయేనాటికి ఇంకా ఆయన దగ్గరే ఉందంటారు. ఇదీ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలోనే ఉంది. ఇందులో డయానా ముందువైపు పెద్దగా, విల్లు పట్టుకుని పరుగులో ఉంటుంది. ఆక్టియాన్ దూరంగా చిన్నగా, మనిషి ఒంటి మీద దుప్పి తలతో, కుక్కల కింద పడిపోతుంటాడు. ఓవిడ్ కథలో డయానా అసలు తరమనే తరమదు, నీళ్ళు చల్లి ఊరుకుంటుంది. టిషియన్ కావాలనే ఆవిడని వేటగత్తెగా తెచ్చి పెట్టాడు, అంటే పొద్దున్నించీ అడవిలో వేటాడినవాడి ఎదురుగా అసలైన వేటగత్తెని నిలబెట్టాడు. ఇంకోటి జూమ్ చేసి చూడండి, ఆ వింటికి నారి లేదు, బాణమూ లేదు. ఇది పూర్తి చెయ్యకుండా వదిలేసిన బొమ్మ కాబట్టి లేదని కొందరు, కావాలనే వెయ్యలేదని కొందరు అంటారు. నాకు మాత్రం రెండోదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే చంపుతున్నది ఆవిడ బాణం కాదు, అతని కుక్కలే. ఆ ఖాళీ చేతి భంగిమ చాలు. ఇది నా అభిప్రాయం, పరీక్షలో రాస్తే రెండు వాదనలూ రాయండి.

సరే ఇంత చెప్పాక ఒక జాగ్రత్త చెప్పాలి. ఆన్లైన్ లో "దుప్పి అంటే ఇది, కుక్క అంటే నమ్మకం, పంది అంటే కామం" అని పట్టికలు దొరుకుతాయి, వాటిని నమ్ముకుని గ్రీకు బొమ్మ చదవకండి. ఎందుకో ఇదే కథతో చెప్తా. మనం ఇప్పుడు చెప్పుకున్న స్నానం కథ మొదటినుంచీ లేదు. గ్రీకుల్లో పాత కథ ప్రకారం ఆక్టియాన్ సెమెలీ అనే ఆవిడని కోరుకున్నాడని శిక్ష పడింది. యూరిపిడీస్ అనే గ్రీకు రచయిత నాటకంలో అయితే నేను ఆర్టెమిస్ కన్నా గొప్ప వేటగాణ్ణి అని గొప్పలు పోయినందుకు. (ఆర్టెమిస్ అంటే గ్రీకు పేరు, రోమన్లు డయానా అన్నారు.) స్నానం మాట మనకి దొరికేది క్రీ.పూ. 3వ శతాబ్దంలో కల్లిమాకస్ అనే కవి దగ్గర. అందుకే బోస్టన్ మ్యూజియంలో క్రీ.పూ. 470 ప్రాంతపు కుండ ఒకటి ఉంది, పాన్ పెయింటర్ అని పిలుస్తారు ఆ చిత్రకారుణ్ణి, అందులో నీళ్ళూ లేవు స్నానమూ లేదు. ఆర్టెమిస్ నిండుగా బట్టలతో నిలబడి బాణం ఎక్కుపెట్టి ఉంది, ఆక్టియాన్ కి కొమ్ములు కూడా లేవు, మామూలు మనిషిలాగే వెనక్కి ఒరిగిపోతున్నాడు, చిన్నచిన్న కుక్కలు మీద పడ్డాయి. ఇదే మ్యూజియంలో సుమారు ముప్పై ఏళ్ళ తర్వాతి కుండ మీద అతని తలకి కొమ్ములు మొలుస్తున్నాయి, పక్కన లిస్సా అనే పిచ్చికి దేవత నిలబడి కుక్కలకి పిచ్చెక్కిస్తోంది, ఆవిడ తల మీద ఒక కుక్క తల. సిసిలీలోని సెలినుంటే గుడి పలక మీద అయితే ఒంటి మీద దుప్పి చర్మం కప్పినట్టు చెక్కారు, అది ఇప్పుడు పాలెర్మో మ్యూజియంలో ఉంది. ఒకే వేట, ఒకే కుక్కలు, కానీ ఒకచోట గర్వం గురించి, ఒకచోట పిచ్చి గురించి, ఒకచోట చూడకూడనిది చూడటం గురించి. పట్టికతో ఇది ఎలా పట్టుకుంటారు చెప్పండి.

తర్వాతి కాలంలో ఇంకా ముందుకి పోయారు. జోర్డానో బ్రూనో అనే తత్వవేత్త 1585లో ఇదే కథని తలకిందులు చేశాడు, ఆక్టియాన్ అంటే జ్ఞానాన్ని వేటాడే బుద్ధి, కుక్కలు అతని ఆలోచనలు, ఆ దైవాన్ని కళ్ళారా చూశాక వేటాడేవాడే తన వేటలో కలిసిపోయాడు, అది శిక్ష కాదు సిద్ధి అన్నాడు. ఓవిడ్ కూడా తనని రోమ్ నుంచి వెళ్ళగొట్టాక, తెలీక ఏదో చూసినందుకు ఆక్టియాన్ కి పట్టిన గతే నాకు పట్టిందని రాసుకున్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, కథ రాసినవాడే చివరికి ఆ కథలో పడ్డాడు.

ఇక్కడ మనవాళ్ళకి పాండురాజు గుర్తొస్తాడు, క్లాసులో తప్పకుండా ఎవరో ఒకరు అంటారు. వేటకి వెళ్ళి జింకల జంటని కొడితే అందులో ఒకటి జింక రూపంలో ఉన్న కిందముడు అనే ముని, ఆ శాపంతోనే పాండురాజు పోయాడు. పోలిక బాగుంది, వేటా కామమూ చావూ మూడూ అందులో ముడిపడ్డాయి. కానీ ఒక తేడా గమనించండి. మన కథలో జింక మనిషని తేలుతుంది, తప్పుకి కారణం ఉంది, ముని మాట్లాడి నిలదీస్తాడు. ఓవిడ్ కథలో మనిషే జింక అవుతాడు, అతని తప్పేమీ లేదు అదృష్టం బాగోలేదంతే అని కవే అంటాడు, ముఖ్యంగా మాట పోతుంది. పోల్చుకోండి గానీ ఒకదాని అర్థం తెచ్చి ఇంకోదానికి తగిలించకండి.

వేట బొమ్మల్లో రెండో పెద్ద గుంపు పందివేట. ఇది కుర్రాడు మగాడయ్యే కథ. గ్రీసుకి ఉత్తరాన మాసిడోనియాలో ఒక పద్ధతి ఉండేదట, వల సాయం లేకుండా బల్లెంతో అడవిపందిని చంపితే తప్ప విందులో మంచం మీద ఒరిగి తినే మర్యాద దక్కదు, కూర్చునే తినాలి. కసాండర్, తర్వాత రాజయ్యాడు, ముప్పై అయిదేళ్ళు వచ్చినా నాన్న పక్కన కూర్చునే తినేవాడని ఎథినేయస్ అనే రచయిత రాశాడు. ఇది తెలిశాక అదే మాసిడోనియాలోని వెర్గినా రాజసమాధి మీద వేట బొమ్మ, పెల్లాలో గ్నోసిస్ అనే కళాకారుడు పేరు చెక్కుకున్న దుప్పివేట గులకరాళ్ళ మొజాయిక్, ఇవన్నీ వేరేగా కనిపిస్తాయి. అవి సరదా బొమ్మలు కాదు, వీడు తినడానికి ఒరిగే హక్కు ఉన్నవాడు అని చెప్పే సర్టిఫికెట్లు.

పందివేట అంటే కాలిడాన్ అనే ఊరి కథే. అక్కడి రాజు పంటల పండగలో అందరు దేవతలకీ పెట్టి ఆర్టెమిస్ ని మర్చిపోయాడు, ఆవిడ పెద్ద పందిని తోలింది, గ్రీసులో వీరులందరూ పోగయ్యారు, వాళ్ళల్లో ఒక్కతే ఆడది అటలాంటా. మొదటి దెబ్బ ఆవిడదే. చంపింది రాజు కొడుకు మెలియేగర్, కానీ మనసు పడి తోలు ఆవిడకిచ్చాడు, ఆడదానికి ఇవ్వడమేంటని మేనమామలు లాక్కున్నారు, వాళ్ళని చంపాడు, అన్నదమ్ముల చావు విన్న తల్లి కొడుకు ప్రాణం ముడిపడి ఉన్న కట్టెని నిప్పుల్లో వేసేసింది. పంది చచ్చాకే అసలు వేట మొదలైంది, ఇంట్లో.

ఫ్లోరెన్స్ లో ఫ్రాన్స్వా వేజ్ అని ఒక పెద్ద కుండ ఉంది, క్రీ.పూ. 570 ప్రాంతం, చేసింది ఎర్గోటిమోస్, బొమ్మలు వేసింది క్లైటియాస్, ఇద్దరూ పేర్లు రాసుకున్నారు. 1900లో మ్యూజియం కాపలాదారు ఒకతను కోపంలో స్టూలు విసిరితే 638 ముక్కలైంది, మళ్ళీ అతికించారు. దాని మెడ దగ్గర ఈ పందివేట ఉంది. పంది నడి మధ్యలో, రెండువైపుల నుంచీ వీరులు జంటలు జంటలుగా, అటలాంటా ఒళ్ళు ఒక్కటే తెల్లరంగు, పంది కింద ఒక మనిషి పడి ఉన్నాడు. అందరికీ పక్కన పేర్లు రాశాడు క్లైటియాస్, కుక్కలకి కూడా. పొట్ట చీలి చచ్చిపడిన కుక్కకి కూడా పేరుంది, ఓర్మెనోస్. నాకు ఈ కుండ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చచ్చిన కుక్క పక్కన రాసిన పేరు. ఆ వేటలో పోయినవాళ్ళలో దాన్నీ లెక్కపెట్టాడు కదా.

ప్రేమ వేట గురించి తొందరగా చెప్పేస్తా, ఇది మీకు ఎక్కువగా తెలిసే ఉంటుంది. టిషియన్ వేసిన ప్రేమ దేవత వీనస్, ఆవిడ ప్రేమించిన కుర్రాడు అడోనిస్ ల బొమ్మ, 1554, మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో. వీనస్ వెనక్కి తిరిగి అతన్ని వాటేసుకుని ఆపుతోంది, కుక్కలు గొలుసు లాగుతున్నాయి, వీనస్ కొడుకు క్యూపిడ్ చెట్టు కింద నిద్రపోతున్నాడు, అతని విల్లు అంబులపొది కొమ్మకి తగిలించి ఉన్నాయి. అంటే ప్రేమ వేట అయిపోయింది, నిజం వేట మొదలవుతోంది, అందులో పంది ఇతన్ని చంపేస్తుంది. ఓవిడ్ లో ముందు వెళ్ళిపోయేది వీనస్, ఇక్కడ అడోనిస్ ని వెళ్ళేలా చేసింది టిషియనే. కుక్కలు ఎటు లాగుతున్నాయో అటే చావు ఉంది. ఇంకోటి రోమ్ లో బెర్నిని చెక్కిన అపోలో, డాఫ్నీ శిల్పం, 1622 నుంచి 1625. అపోలో దేవుడు ప్రేమించి తరుముతుంటే డాఫ్నీ పారిపోతూ చెట్టయిపోయే కథ అది. అందులో కుక్క లేదు కుందేలు లేదు, కానీ ఓవిడ్ ఆ పరుగుని బయల్లో కుందేలు కనపడ్డ వేటకుక్కతో పోల్చాడు, నోరు అందీ అందనట్టు ఉంటుందని. బెర్నిని ఆ "అందీ అందనట్టు"నే పాలరాతిలో పెట్టాడు, చెయ్యి నడుం మీద పడింది కానీ ఆ చేతికింద ఉన్నది అప్పటికే చెట్టు బెరడు. డాఫ్నీ కూడా వేటగత్తే, డయానాలా పెళ్ళి వద్దనుకున్న పిల్ల, ఇది మర్చిపోకూడదు.

మీరడిగిన రాజుల సంగతి. ఉంది, బాగా ఉంది. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ మాడ్రిడ్ దగ్గర టోర్రె డె లా పరాడా అనే తన వేట బంగళాకి 1636లో రూబెన్స్ అనే చిత్రకారుడికి అరవైకి పైగా బొమ్మలు ఆర్డరిచ్చాడు, చాలా వరకు ఓవిడ్ కథలే. అదే బంగళా కోసం ఇంకో చిత్రకారుడు వెలాస్కెజ్ రాజుని వేట బట్టల్లో తుపాకితో వేశాడు. ఆ బంగళాలో రాజు పొద్దున దుప్పిని కొట్టి వచ్చి సాయంత్రం చుట్టూ చూస్తే గోడల నిండా దేవతల ప్రేమలు, పరుగులు, శాపాలు. ఫ్రాన్స్ లో ఇంకా సొంత వ్యవహారం. రెండో హెన్రీ రాజుకి డయాన్ డె పుయాటియే అనే ఆవిడంటే ప్రాణం, ఆవిడ రాజు కన్నా దాదాపు ఇరవై ఏళ్ళు పెద్ద. పేరే డయాన్ కాబట్టి నెలవంక గుర్తు, వేట బొమ్మలు అన్నీ ఆవిడవి అయిపోయాయి. ఆనే అనే ఊళ్ళో ఆవిడ కోట ముఖద్వారం మీద గడియారం దగ్గర దుప్పి, కుక్కలు ఉండేవి, దుప్పి కాలితో గంటలు కొట్టేది. ఆ కోటలోదే ఒక ఫౌంటెన్ శిల్పం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది, డయానా పడుకుని దుప్పి మెడ చుట్టూ చెయ్యి వేసి ఉంటుంది. ఆ దుప్పి రాజేనని చాలామంది చదివారు. అంటే వేయించుకున్నది సరదా అయినా సరే, అందులో ఎవరు ఎవరికి చిక్కారో చెప్పకుండా ఉండలేకపోయారు. అందుకే ఎవరు వేయించారు, ఏ గోడకి తగిలించారు అన్నది ప్రతిసారీ అడగండి.

ఇక మీ జింక. లూవ్ర్ లో డయానా ఆఫ్ వెర్సాయ్ అనే పాలరాతి విగ్రహం ఉంది, గ్రీకు కంచు విగ్రహానికి రోమన్లు చేసిన నకలు, 1556లో అప్పటి పోప్ దీన్ని ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీకి పంపాడు. మీరు చూసిన డయానా జింక బొమ్మల్లో సగం దీన్ని చూసి వేసినవే. నడుస్తూ నడుస్తూ కుడిచెయ్యి వెనక్కి పెట్టి అంబులపొదిలోంచి బాణం తీస్తోంది, పక్కనే చిన్న దుప్పి గెంతుతోంది. విరిగిన భాగాలు కొన్ని తర్వాతి శిల్పులు కొత్తగా చేసి పెట్టినవి కాబట్టి చేతివేళ్ళ భంగిమ మీద పెద్ద పెద్ద సిద్ధాంతాలు కట్టొద్దు. కానీ చూపు చూడండి, ఆవిడ ఆ దుప్పి వైపు చూడట్లేదు, పక్కకి దూరంగా చూస్తోంది. బాణం ఈ దుప్పికి కాదు.

మరి జింక ఎందుకు అన్నదానికి సమాధానం మళ్ళీ ఆ ముక్కలైన ఫ్రాన్స్వా వేజ్ మీదే ఉంది. దాని ఒక చెవి మీద, అంటే పట్టుకునే పిడి మీద, రెక్కలున్న ఆర్టెమిస్ ఒక చేత్తో చిరుతని, ఒక చేత్తో దుప్పిని మెడ పట్టుకుని నిలబడి ఉంటుంది. పాత గ్రీకు కవి హోమర్ ఆవిడని పోట్నియా థెరోన్ అన్నాడు, మృగాలకి దొరసాని అని అర్థం. ఆవిడ జింకల్ని చంపేదీ నిజమే, కాచేదీ నిజమే, పిల్లజంతువులు ఆవిడ కాపుదలలోనే ఉంటాయి. అడవిలో ఏది ఎప్పుడు చావాలో ఆవిడ చేతిలో ఉంటుంది, అడగకుండా చంపితే ఊరుకోదు. కాలిడాన్ పంది ఎందుకొచ్చిందో గుర్తు తెచ్చుకోండి. కాబట్టి పక్కన జింక ఉండటం తప్పు కాదు, పెంపుడు జింక కాదు, వేటాడిన జింకా కాదు, ఆవిడ సొత్తు.

మీ ఇలస్ట్రేషన్ కి నా సలహా అడిగారు కాబట్టి చెప్తా. జింకని ఉంచండి. కానీ డయానా చెయ్యి దాని తల నిమురుతున్నట్టు పెట్టకండి, ఇప్పుడొచ్చే బొమ్మల్లో చాలావరకు అలాగే పెడుతున్నారు, అలా పెడితే ఆవిడ జంతుప్రేమికురాలు అయిపోతుంది, భయం పోతుంది. కొమ్ములు పట్టుకున్నట్టో, ఊరికే చెయ్యి ఆనించినట్టో పెట్టండి. చూపు ఫ్రేమ్ బయటికి పోనివ్వండి, చూసేవాళ్ళ వైపు. 2012లో లండన్ నేషనల్ గ్యాలరీలో టిషియన్ బొమ్మల పక్కన మార్క్ వాలింజర్ అనే ఆర్టిస్టు ఒక బాత్రూమ్ కట్టాడు, లోపల నిజంగానే డయానా అనే పేరున్న ఆడవాళ్ళు వంతులవారీగా ఉండేవాళ్ళు, జనం తాళంచెవి కన్నంలాంటి సందుల్లోంచి తొంగి చూడాలి. తొంగి చూసిన ప్రతివాళ్ళూ ఆక్టియాన్ అయిపోయారు. మీ బొమ్మలో కూడా డయానా చూపు సరిగ్గా కుదిరితే ఆక్టియాన్ ని వెయ్యాల్సిన పనే ఉండదు.

జింక కొమ్ముల గురించి ఒక చిన్న టెక్నికల్ విషయం, మన కృష్ణజింకకి మెలితిరిగిన కొమ్ములుంటాయి, రిఫరెన్స్ ఫోటో అది తీసుకోకండి. యూరప్ దుప్పికి కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి, మన కణితి కొమ్ములు కొంత దగ్గర పోలిక గానీ చీలికలు తక్కువ. స్కెచ్ అయ్యాక వీలైతే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. పెట్టేముందు ఒకసారి మీద ట్రేసింగ్ పేపర్ వేసి చూపుల బాణాలు మీరే గీసుకోండి, జింక చూపుతో సహా.